మీ నాన్నగారి పద్మినికి ముందు బ్రేకులు, ఆఖర్న రంగు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ: మౌలాలిలో మీ ఇంటి పక్కన రేకుల షెడ్డులో మీ నాన్నగారి 1984 మోడల్ ప్రీమియర్ పద్మిని పన్నెండేళ్లుగా కదలకుండా పడి ఉంది, ఆయన పోయాక దాన్ని అమ్మడానికి మీ అమ్మగారికీ నీకూ మనసు ఒప్పలేదు, ఇప్పుడు ఆదివారాలు ఇంట్లోనే కూర్చుని నువ్వే బాగు చేసుకుందామనుకుంటున్నావు. ముందు మంచి రంగు వేయించి, తర్వాత కొత్త కారు ఇంజిన్, ఏసీ, అల్లాయ్ వీల్స్ పెట్టాలని నీ ఆలోచన. ఎక్కడ మొదలుపెట్టాలి, ఇంట్లో ఎంతవరకు చేసుకోవచ్చు, ఏది బయట చేయించాలి, ఇవీ నీ ప్రశ్నలు.

నేను మెకానిక్‌ని కాదు. సికింద్రాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, ముప్పై ఏళ్లలో మా ఇంటి వెనక షెడ్డులో నాలుగు ఫియట్లు (పద్మిని పాత పేరు ఫియటే), ఒక అంబాసిడర్ లేపి నిలబెట్టాను. వాటిలో మూడు ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఆ అనుభవంతో చెప్తున్నాను, నువ్వు రాసుకున్న వరస తలకిందులుగా ఉంది. బండి ముందు ఆగాలి, తర్వాత నడవాలి, ఆ తర్వాత ఒళ్లు గట్టిపడాలి, రంగు అన్నిటికంటే ఆఖరు. ఇక మార్పులంటావా, ఏది చేసినా రేపు విప్పేసి పాత భాగం మళ్లీ బిగించుకునేలా ఉండాలి. ఈ రెండూ నీకు నచ్చచెప్పాలనే ఇంత పొడుగు రాస్తున్నాను.

1996లో నా మొదటి ఫియట్ కొన్నప్పుడు నేనూ రంగుతోనే మొదలుపెట్టాను. క్రీమ్ కలర్ వేయించాను, చూసినవాళ్లంతా ఆగి మరీ మెచ్చుకున్నారు. రెండు నెలల తర్వాత డ్రైవర్ సీటు కింద కార్పెట్ తడిగా ఉందని ఎత్తి చూస్తే కింద రేకు లేదు, తుప్పు పట్టిన జల్లెడ ఉంది. దాన్ని కోసి వెల్డింగ్ చేస్తుంటే వేడికి పక్కనున్న కొత్త రంగు బుడగలు కట్టి లేచిపోయింది. అదైనా డబ్బుతో పోయింది. అదే ఏడాది జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి కిందికి దిగుతుంటే బ్రేక్ పెడల్ కాలి కింద మెత్తగా నేలదాకా పోయింది. వెనక సీట్లో మా అబ్బాయి, వాడికప్పుడు ఐదేళ్లు. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేక్ లాగి, ఎడమ చక్రాలు ఫుట్‌పాత్ రాయికి రాపాడించి ఆపాను. పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్ లోపల రబ్బరు పోయింది, అంతే. ఆ రబ్బరు ఖరీదు నేను రంగుకి పెట్టినదానిలో నూరో వంతు కూడా ఉండదు. అప్పటి నుంచి ఏ బండి షెడ్డులోకి వచ్చినా నేను ముందు బ్రేకులే విప్పుతాను.

పానా పట్టుకునే ముందు ఒక పూట కాగితాలకి కేటాయించు. ఆర్‌సీ తీసి ఇంజిన్ నంబర్, చాసిస్ నంబర్ బండి మీద ఉన్నవాటితో పోల్చి చూడు. ఇంకా మీ నాన్నగారి పేరు మీదే ఉంటే వారసుల పేరు మీదికి మార్పించు. ప్రైవేటు కారుకి మొదటి 15 ఏళ్ల తర్వాత ప్రతి ఐదేళ్లకీ రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, బండిని చూపించాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. పన్నెండేళ్లు కదలలేదంటే నీ ఆర్‌సీ గడువు ఎప్పుడో దాటి ఉంటుంది. రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 5,000 రూపాయలకి పెరిగింది, 20 ఏళ్లు దాటిన బళ్లకి ఆ తర్వాత ఇంకా పెంచారు. ఆలస్యానికి ఎంత పడుతుందో ఆర్‌టీఏ ఆఫీసుకి ఒకసారి స్వయంగా వెళ్లి కనుక్కో, బ్రోకర్ మాట మీద ఆధారపడకు. ఇదంతా ముందే ఎందుకంటే, కాగితం తేలని బండి మీద లక్షలు పోసి చివరికి షెడ్డులోనే పెట్టుకున్నవాళ్లని నేను చూశాను.

కొత్త ఇంజిన్ విషయం కూడా ఇక్కడే తేల్చేద్దాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన అసలు రూపానికి తేడాగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా ఉంది, జైలు శిక్ష కూడా వేయొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొట్టమొదట చూసేది ఇలాంటివే.

ఇంకోటి ఉంది, ఇది చాలామందికి తెలియదు. 2021లో కేంద్రం వింటేజ్ బళ్లకి విడిగా రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండికి రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అనే అక్షరాలతో నంబర్ ఇస్తారు. మొదటిసారి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కి 5,000. షరతు ఏంటంటే బండి అసలు రూపంలోనే ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజిన్ మార్చి ఉండకూడదు. నీది 1984 బండి, అంటే 2034కి 50 నిండుతాయి. ఎంతో దూరం లేదు. ఇవాళ వేరే కారు ఇంజిన్ కోసం ఫైర్‌వాల్, అంటే ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్యనుండే రేకు గోడ, కోసేస్తే ఆ రోజు ఆ తలుపు మూసుకున్నట్టే. ఆ నంబర్ వస్తే రోజూ ఆఫీసుకి తిప్పకూడదన్న సంగతి కూడా గుర్తుపెట్టుకో.

అయినా ఆ ఇంజిన్‌ని తక్కువగా చూడకు. బోరు 68 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 75, మొత్తం 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, కంప్యూటర్ లేదు, సెన్సార్ లేదు. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా బొంబాయి కుర్లాలో మొదలై, 1974 నుంచి పద్మిని పేరుతో 2000 ప్రాంతం దాకా తయారైన బండి ఇది. ముంబయిలో కాలీపీలీ, అంటే నలుపు పసుపు రంగుల, టాక్సీలుగా లక్షల కిలోమీటర్లు తిరిగాయి. ఆఖరి పద్మిని టాక్సీకి 20 ఏళ్ల గడువు తీరింది 2023 అక్టోబర్ చివర్లోనే. ఆ టాక్సీల పుణ్యమా అని ఇంజిన్ సామాన్లు, బ్రేక్ సామాన్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి. దొరకనివల్లా క్రోమ్ బీడింగులు, లైట్ల చుట్టూ రింగులు, డోర్ హ్యాండిళ్లు, డాష్‌బోర్డ్ ప్లాస్టిక్, అసలు గాజులు. కాబట్టి విప్పిన ఏ చిన్న క్రోమ్ ముక్కనీ పారేయకు, విరిగినా సరే.

ఇక పని. చాలామంది చేసే మొదటి తప్పు ఏంటంటే కొత్త బ్యాటరీ తెచ్చి సెల్ఫ్ కొట్టడం. దయచేసి చెయ్యకు. పన్నెండేళ్లలో పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకి పట్టేసి ఉంటాయి, ఏదో ఒక వాల్వ్ గైడ్‌లో బిగుసుకుని ఉంటుంది. బలవంతంగా తిప్పితే రింగు విరుగుతుంది, పుష్ రాడ్ వంగుతుంది. నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండర్లో రెండు చెంచాల పలచటి ఆయిల్ పోసి, మూడు రోజులు వదిలెయ్. ఆ మూడు రోజుల్లో పాత ఇంజిన్ ఆయిల్ కిందికి దించి తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి చూడు. నల్లగా ఉంటే ఫరవాలేదు. పాలు కలిపిన టీలా ఉంటే లోపలికి నీళ్లు పోయాయని, ఇంజిన్ పై మూత అయిన హెడ్ కింద ప్యాకింగ్ పోయిందని అర్థం. మూడో రోజు ప్లగ్గులు పెట్టకుండానే, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ముందు పుల్లీ నట్టుకి రింగ్ పానా తగిలించి చేత్తో మెల్లగా తిప్పు. తిరక్కపోతే మళ్లీ ఆయిల్ పోసి ఇంకో వారం ఆగు. నా రెండో ఫియట్ పంతొమ్మిదో రోజున కదిలింది. పానా చేతిలో ఒక్కసారి మెత్తబడి పావు చుట్టు తిరిగినప్పుడు కలిగే సంతోషం నీకే తెలుస్తుంది.

తిరగడం మొదలయ్యాక కొత్త ఆయిల్ పోసి, మామూలు మినరల్ 20డబ్ల్యూ-50 చాలు, కంప్రెషన్ చూడు, అంటే ఒక్కో సిలిండర్లో పిస్టన్ గాలిని ఎంత ఒత్తిడితో నొక్కుతోందో. గేజ్ ఏదైనా గ్యారేజీలో అడిగి తెచ్చుకోవచ్చు. అంకె ఎంత అన్నదానికంటే నాలుగూ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నదే ముఖ్యం. ఏదైనా సిలిండర్ బాగా తక్కువ చూపిస్తే అందులో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడు. పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులు సరిగ్గా కూర్చోవడం లేదు. హెడ్ విప్పాల్సి వస్తే మాత్రం జాగ్రత్త, బ్లాక్ పోత ఇనుముది గానీ హెడ్ అల్యూమినియంది. ఎప్పుడైనా బాగా వేడెక్కి ఉంటే వంకర తిరిగి ఉంటుంది. లేత్ షాపులో చదును చేయించి, వాల్వ్ సీట్లు కూడా చూపించు. పాత పెట్రోల్‌లో సీసం ఆ సీట్లు త్వరగా అరగకుండా కాపాడేది. 2000 ఫిబ్రవరిలో దేశమంతా సీసం పెట్రోల్ ఆగిపోయింది, ఆ ఇంజిన్లు తయారైంది అంతకుముందు కాలంలో. సీట్లు అరిగి ఉంటే గట్టి రకం వేయించెయ్.

పెట్రోల్ ట్యాంకులో ఉన్నది ఇప్పుడు పెట్రోల్ కాదు, వార్నిష్. ట్యాంకు దించి, కడిగి, లోపల తుప్పు ఎంతుందో టార్చ్ వేసి చూడు. ట్యాంకు దగ్గర వెల్డింగ్ గానీ గ్రైండర్ గానీ ఆన్ చేయకు, ఖాళీ ట్యాంకే నిండు ట్యాంకు కంటే ప్రమాదం, అందులో ఉండేది ఆవిరి. రబ్బరు పైపులన్నీ మార్చు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఇ20, అంటే అయిదో వంతు ఇథనాల్. పాత రబ్బరుని అది మెత్తబరుస్తుంది, ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్‌నీ కార్బొరేటర్లో ప్యాకింగులనీ పాడు చేస్తుంది, గాలిలో తేమని లాగి ట్యాంకు అడుగున నీళ్లుగా చేరుస్తుంది. ఇథనాల్‌కి తట్టుకునే ఫ్యూయల్ హోస్ అని అడిగి రాణిగంజ్ మోటారు సామాన్ల బజార్లో తెచ్చుకో, మామూలు నల్ల పైపు ఇస్తానంటే వద్దను. ఇంజిన్ నడిచాక ప్లగ్గు తీసి రంగు చూడు, బిస్కెట్ రంగులో ఉంటే సరిగ్గా కాలుతోంది. తెల్లగా ఉంటే పెట్రోల్ తక్కువ అందుతోంది. ఇ20తో ఇలాగే అవుతుంటుంది, అప్పుడు కార్బొరేటర్ జెట్ ఒక సైజు పెంచాలి. బండి వాడని నెలల్లో ట్యాంకుని సగం ఖాళీగా వదలకు.

ఇప్పుడు బ్రేకులు. ఇంజిన్ సంగతి ముందు రాసినా, పనిలో మొదటిది ఇదే. ఇక్కడ తొందర పడకు, డబ్బు మిగల్చాలని చూడకు. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, ఒకే మాస్టర్ సిలిండర్, ఒకే లైను. ఈ కాలం కార్లలో ఒక లైను పోయినా రెండోది ఆదుకుంటుంది, ఇందులో ఆ వెసులుబాటు లేదు. ఎక్కడ ఒక్క చుక్క కారినా మొత్తం పోయినట్టే.

డ్రమ్ములు పట్టేసి ఉంటాయి. ఇనప సుత్తితో బాదితే పగులుతాయి, చుట్టూ చెక్క సుత్తితో తడుతూ తిప్పుతూ ఊడదీయాలి. లోపల పేరుకున్న ధూళిని కంప్రెసర్ గాలితో ఊదొద్దు, చీపురుతో ఊడవొద్దు. ఆ కాలం లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. సబ్బు నీళ్లతో తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారెయ్. డ్రమ్ముల లోపలుండే చిన్న వీల్ సిలిండర్లు విప్పి లోపలి గోడని వేలితో తడిమి చూడు. నున్నగా ఉంటే కొత్త రబ్బరు కిట్టు వేస్తే చాలు. గోరుకి గుంటలు తగిలితే సిలిండరే మార్చాలి, గుంటల మీద కొత్త రబ్బరు వేస్తే మూడు నెలల్లో కారుతుంది. రబ్బర్లని పెట్రోల్‌తో గానీ డీజిల్‌తో గానీ కడగొద్దు, ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్‌తోనే కడిగి, దాంతోనే తడిపి ఎక్కించాలి.

చాలామంది వదిలేసేది హోసులు, అంటే చక్రాల దగ్గర బ్రేక్ ఆయిల్ పోయే రబ్బరు పైపులు. పైకి చూస్తే బాగానే ఉంటాయి, పగుళ్లు ఉండవు, మార్చడం ఎందుకనిపిస్తుంది. మా అంబాసిడర్‌కి ముందు ఎడమ చక్రం బ్రేక్ వదిలినా పట్టుకునే ఉండేది, డ్రమ్ము చేయి పెడితే కాలేది. సిలిండర్ మార్చాను, స్ప్రింగులు మార్చాను, తగ్గలేదు. చివరికి హోసు తీసి బ్లేడుతో నిలువుగా కోసి చూస్తే లోపలి రబ్బరు ఉబ్బి, దారి సూది బెజ్జమంత మిగిలింది. కాలు నొక్కితే ఆ ఒత్తిడికి ఆయిల్ లోపలికి పోతుంది, కాలు తీసినా వెనక్కి రాదు. అందుకని హోసులన్నీ చూడకుండానే మార్చెయ్. ఇనప పైపులు కూడా, ముఖ్యంగా క్లిప్పుల కింద తుప్పు పట్టిన చోట. తర్వాత డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్, సీల్ తీయని డబ్బా తెచ్చుకో, సగం వాడి పక్కన పెట్టిన డబ్బాలో తేమ చేరి ఉంటుంది. లైన్లలో చేరిన గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టు. మీ అమ్మగారినో చెల్లెల్నో పెడల్ దగ్గర కూర్చోబెట్టి, చక్రం వెనక గాలి వదిలే నిపుల్‌కి పారదర్శకమైన పైపు తగిలించి, దాని రెండో కొస ఆయిల్ ఉన్న సీసాలో ముంచు. బుడగలు ఆగేదాకా చెయ్యి. ఆ ఆయిల్ రంగు మీద పడితే రంగు లేచిపోతుంది, రంగు ఆఖరన్నానంటే ఇదీ ఒక కారణమే. అంతా అయ్యాక పెడల్‌ని గట్టిగా నొక్కి రెండు నిమిషాలు అలాగే పట్టుకో. కొంచెం కూడా దిగకూడదు.

బండి కిందికి దూరే విషయం ఒకటి, దీన్ని దాటెయ్యకు. ఈ కారు సుమారు 900 కిలోలు. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి వెళ్లొద్దు. సిమెంటు ఇటుకలు అసలే పెట్టొద్దు, అవి పగిలేముందు ఏ చప్పుడూ చేయవు. నాలుగు జాక్ స్టాండ్లు కొను, కింద నేల మట్టిదైతే మందపాటి చెక్క వెయ్, బండిని భుజంతో గట్టిగా ఊపి చూసి అప్పుడు కిందికి వెళ్లు, ఇంట్లో ఎవరో ఒకరు ఉన్నప్పుడే. పనిముట్లకి పెద్ద ఖర్చేం లేదు, 10-11, 12-13, 14-15, 16-17 పానాలు, రింగ్ పానాల సెట్టు, సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజ్ ఒకటి, కరెంటు చూసే మల్టీమీటర్ ఒకటి. ఫియట్ అంతా మిల్లీమీటర్ల కొలతే, అంబాసిడర్‌లా అంగుళాల పానాలు అక్కర్లేదు. తుప్పు పట్టిన స్టడ్ (తల లేని బోల్టు) రాకపోతే వేడి చేసి కొవ్వొత్తి మైనం తాకించు. మైనం కరిగి మరల్లోకి దిగుతుంది, చల్లారాక నిదానంగా తిప్పు. సైలెన్సర్ మానిఫోల్డ్ స్టడ్లు నేను ఇలాగే కాపాడుకుంటాను. విప్పేముందు ప్రతిదానికీ ఫోటో తీయి, బోల్టులు విడివిడిగా కవర్లలో వేసి పేరు రాయి. ఏడాది తర్వాత ఏ బోల్టు ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు.

తుప్పు విషయంలో హైదరాబాద్ బండి కావడం నీ అదృష్టం. మనకి ముంబయిలా ఉప్పు గాలి లేదు. కానీ పన్నెండేళ్లు ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పి ఉంచారని రాశావు, అదే నన్ను కలవరపెడుతోంది. టార్పాలిన్ వానని ఆపుతుంది, నిజమే, లోపలి తేమని కూడా బయటికి పోనివ్వదు. ఇవాళే తీసేసి బట్ట కవర్ వెయ్.

తర్వాత చేతిలోకి ఒక అయస్కాంతం, మొద్దు స్క్రూడ్రైవర్ తీసుకో. తలుపుల కింది అంచులు, ముందు మడ్‌గార్డ్‌ల వెనక భాగం, హెడ్‌లైట్ల చుట్టూ, డిక్కీలో స్టెప్నీ కింద, డ్రైవర్ కాళ్ల దగ్గర నేల, అన్నిటికంటే ముఖ్యంగా తలుపుల కింద పొడుగునా ఉండే సిల్లులు. అయస్కాంతం అంటుకోని చోట రంగు కింద లప్పం మందంగా ఉందన్నమాట. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా గుచ్చు. మంచి రేకైతే టంగుమంటుంది. కుళ్లిన రేకైతే చప్పుడే రాదు, మొన లోపలికి దిగుతుంది. బాధపడకుండా గుచ్చు, గుచ్చితే పోయేది ఎప్పుడో పోయిందే.

ఈ కారుకి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. సిల్లు అందం కోసం పెట్టిన రేకు కాదు, అది బండికి వెన్నెముక. రెండు పక్కలా ఒకేసారి కోసేస్తే బండి నడుం దగ్గర వంగిపోతుంది, ఆ తర్వాత తలుపులు జన్మలో సరిగ్గా పడవు. తలుపు ఖాళీలో అడ్డంగా ఇనప పైపుని టాకాతో, అంటే చిన్న వెల్డుతో, నిలబెట్టి, ఒక పక్క పూర్తిగా అయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. ఈ పని నువ్వు చేయకు, మంచి టింకరింగ్ మేస్త్రీతో చేయించు, పక్కనే నిలబడు. 20 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్) రేకు, అంటే దాదాపు 0.9 మిల్లీమీటర్ల మందం, వాడమను. వీలైతే కరెంటుతో తీగ కరిగించి అతికే మిగ్ వెల్డింగ్, గ్యాస్ అయితే వేడికి రేకు అలలు తిరుగుతుంది. ఒక చోట టాకా, అంత దూరంలో ఇంకో టాకా, మధ్యలో చల్లారనివ్వాలి. కుళ్లిన రేకు మీద కొత్త రేకు అతికిస్తానంటే ఒప్పుకోకు, రెంటి మధ్యలో తుప్పు మళ్లీ మొదలవుతుంది. లప్పంతో బొక్కలు పూడుస్తానంటే ఆ షాపు నుంచి బండి వెనక్కి తెచ్చుకో.

మన ఊళ్లో రేకు పనికి మంచి చేతులు ఉండేవి. 1942లో పెట్టిన హైదరాబాద్ ఆల్విన్ ఆర్టీసీ బస్సులకి బాడీలు కట్టిన కంపెనీ. అక్కడ రిటైరైన ఒక పెద్దాయన నాకు సుత్తి పట్టడం నేర్పారు. సొట్టని మధ్యలో కొట్టకూడదని, అంచుల నుంచి చుట్టూ తడుతూ లోపలికి రావాలని, వెనక నుంచి డాలీ అనే ఇనప దిమ్మ ఆనించి పట్టుకుని చెవితో వినాలని చెప్పేవారు. రేకు సరిగ్గా కూర్చున్నప్పుడు చప్పుడు మారుతుంది. ఆయన కళ్లు మూసుకుని అరచేతితో తడిమి, రంగు వేశాక ఎక్కడ ఎత్తు కనిపిస్తుందో ముందే చెప్పేవారు. అలాంటివాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్ల షాపులకి బోర్డులు కూడా ఉండవు, అడిగి తెలుసుకోవాలి. సొట్టలు తీయడం మాత్రం నువ్వే నేర్చుకో, ముందు ఏదైనా పాత మడ్‌గార్డ్ మీద.

చిన్న భాగాల తుప్పుకి ఇంట్లోనే ఎలక్ట్రాలిసిస్ చేయొచ్చు. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు, చాకలి సోడా, బ్యాటరీ చార్జర్. భాగానికి మైనస్, పక్కన వేలాడదీసిన ఇనప ముక్కకి ప్లస్. స్టీలు గిన్నె ముక్క పెట్టొద్దు, విషపదార్థం తయారవుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట పెట్టి, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకో. స్ప్రింగుల్లాంటి వాటికి ఇది వద్దు.

వైరింగ్ గురించి టెన్షన్ పడకు, ఈ బండిలో ఉన్నది చాలా తక్కువ. వైర్ల తొడుగు పెళుసెక్కి ఉంటే మొత్తం మార్చు, పాత కట్టనే నేల మీద పరిచి దాని పక్కన కొత్తది అల్లుకుంటూ పో, రంగులు అవే ఉంచు. లైట్లు మసకగా వెలిగితే సగం సార్లు ఎర్త్ దగ్గరే లోపం. బాడీకి ఎర్త్ తగిలే ప్రతి చోటా రంగు గీకి, మెరిసే రేకు మీద బిగించి, పైన గ్రీజు రాయి. డిస్ట్రిబ్యూటర్లో, మన మెకానిక్‌లు డెల్కో అంటారు, ప్లగ్గులకి కరెంటు తెగ్గొట్టి పంపే పాయింట్ల గ్యాప్ ఫీలర్ గేజ్‌తో పెట్టుకో. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు వెలిగే వరస, 1-3-4-2.

మార్పులు వద్దని నేను అనడం లేదు. నా బళ్లలో కూడా చేశాను. హెడ్‌లైట్ కరెంటు స్విచ్ గుండా పోకుండా, బ్యాటరీ నుంచి నేరుగా పంపే రిలేలు పెట్టాను, వెలుగు బాగా పెరిగింది, స్విచ్ కాలే భయం పోయింది. అదనపు ఫ్యూజులు, బ్యాటరీ కటాఫ్ స్విచ్, పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, రేడియేటర్‌కి ఎలక్ట్రిక్ ఫ్యాన్, బ్యాటరీ చార్జ్ చేసేది పాత డైనమో అయితే దాని బదులు ఆల్టర్నేటర్, ఇవన్నీ పూటలో విప్పేయగలిగేవే. పాత భాగాలు డబ్బాలో పెట్టి డిక్కీలో దాచాను. ముందు సీట్లకి బెల్టులు తప్పకుండా పెట్టు. మన దగ్గర అవి తప్పనిసరి అయ్యింది 1994లో, కాబట్టి నీ బండితో వచ్చి ఉండవు. ఉత్త రేకుకి బోల్టు వేసి వదిలేస్తే గుద్దుకున్నప్పుడు రేకు చీల్చుకుని వస్తుంది, వెనక మందపాటి ప్లేటు వెల్డ్ చేయించి దానికి బిగించాలి. ఏసీ మాత్రం నాకు నచ్చదు. ముంబయిలో ఏసీ పద్మిని టాక్సీలు నడిచాయి, నిజమే. కానీ నలభై గుర్రాల ఇంజిన్ మీద కంప్రెసర్ భారం వేసి, మే నెలలో ఉప్పల్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో నిలబెడితే ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎటు పోతుందో చూస్తూ కూర్చోవాలి. రేడియేటర్ కోర్ కొత్తది వేయించి, పైకప్పు కింద వేడి ఆపే షీట్ అతికించి, త్రికోణం అద్దాలు తెరుచుకుని వెళ్లు, ఆ చిన్న అద్దాలు తెచ్చే గాలి ఏ కొత్త కారులోనూ లేదు. అల్లాయ్ వీల్స్ నీ ఇష్టం, బోల్టుల కొలత, లోపలి అంచు సరిగ్గా కుదిరి స్టీరింగ్ పూర్తిగా తిప్పినా రాసుకోకపోతే పెట్టుకో, పాత 14 అంగుళాల రిమ్ములు అమ్మకు.

సామాన్ల కోసం రాణిగంజ్‌కి వెళ్లేటప్పుడు పాత భాగం చేతిలో పట్టుకెళ్లు, ఫోన్లో ఫోటో చూపిస్తే కుదరదు. బేరింగులు, సీళ్లు, హోసులు అక్కడే దొరుకుతాయి. పాత క్రోమ్, హ్యాండిళ్లు, మీటర్ల కోసం జుమ్మెరాత్ బజార్‌కి గురువారం పొద్దున్నే వెళ్లు. నా అంబాసిడర్ గడియారం అక్కడ పాత తాళాల కుప్పలో దొరికింది.

రంగు గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే అది నీ చేతిలో పని కాదు. ఇప్పటి పీయూ (పాలీయూరిథేన్) పెయింట్ గట్టిపడేందుకు కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్ అనే విష రసాయనం ఉంటుంది, మామూలు మాస్కు ఆపదు, ఇంటి చుట్టూ మనుషులున్న చోట పిచికారీ చేయకూడదు. పాత రంగు గీకడం, ఎపాక్సీ ప్రైమర్ వేయడానికి ముందు రేకుని శుభ్రం చేయడం, రుద్దడం నువ్వు చెయ్యి, రంగు మాత్రం బూత్ ఉన్న చోట వేయించు. వానాకాలం వద్దు, నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో పెట్టుకో. ఏ రంగో వెతుక్కోవాల్సిన పని లేదు, డాష్‌బోర్డ్ వెనక, తలుపు లోపలి అట్ట కింద ఎండ తగలని రేకు మీద మీ నాన్నగారు కొన్న రోజు రంగు ఇంకా అలాగే ఉంటుంది. ఆర్‌సీలో రాసింది కూడా అదే అయి ఉంటుంది. వేరే రంగు వేస్తే ఆర్‌టీఏలో మార్పించాలి.

ఈ ఆదివారం ఇంజిన్ జోలికి వెళ్లకు. టార్పాలిన్ తీసి, కార్పెట్లు బయటపడేసి, రెండు పక్కలా సిల్లులు గుచ్చి చూసి, ప్రతి చోటా దగ్గర్నుంచి ఫోటోలు తీసి పెట్టు, స్క్రూడ్రైవర్ ఎంత లోతు దిగిందో కనిపించేలా. ఆర్‌సీ గడువు ఏ తేదీతో ముగిసిందో, బండిలో ఉన్నది డైనమోనా ఆల్టర్నేటరా కూడా రాయి. ఎడమ సిల్లు బాగుంటే ఖర్చు సగం తగ్గినట్టే, అది చూశాక మిగతా లెక్క వేసి చెప్తాను.